మూడు వందల పన్నెండు పట్టీలు

రోస్తోయ్ పత్రిక చరిత్ర రెండుసార్లు అచ్చయింది. రెండుసార్లూ రాసినవాళ్ళు నా దగ్గరికి వచ్చి అడిగారు. అడిగినదానికి జవాబు చెప్పాను. అడగనిది చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

రోస్తోయ్ అంటే కోత అయ్యాక చేలో మిగిలే కొయ్యకాళ్ళు. మా మస్‌రియెరా లాంటి ఊరి పత్రికకు ఆ పేరు సరిపోయింది. 1922లో సహకార సంఘం గిడ్డంగిలో, వైన్ పీపాల మధ్య మొదలైంది. మా కతలాన్ భాషలో పద్యాలు, పంటల కబుర్లు, ముసలమ్మల పాటలు, ఊళ్ళో ఆడిన నాటకాల మీద తిట్లు. నెలకొకటి. 1939 జనవరిలో ఫ్రాంకో సైన్యం వచ్చేదాకా ఆగలేదు. సైన్యం వస్తోందని తెలిశాక, కతలాన్ అచ్చు దొరికితే జైలేనని, ఊరు ఊరంతా తమ ఇళ్ళలోని రోస్తోయ్‌లను పొయ్యిలో పెట్టుకుంది. మా అమ్మ కూడా పెట్టింది. దాని మీద చిక్కుళ్ళు ఉడికాయి.

పత్రికకు అక్షరాలు పేర్చినవాడు, తప్పులు దిద్దినవాడు, బాగాలేనివి తిప్పి పంపినవాడు ఒకడే. బొనవెంతురా సొరీబెస్. కాల్ పిగాత్‌లో ఉండేవాడు. కాల్ అంటే ఇల్లు. మా ఊళ్ళో మనిషిని కాగితాల్లో ఉన్న పేరుతో పిలవరు, గడప పేరుతో పిలుస్తారు. కాల్ పిగాత్‌లో పుట్టినవాడూ పిగాతే, అందులోకి అల్లుడిగా వచ్చినవాడూ పిగాతే, ఆ ఇల్లు కొనుక్కున్నవాడూ పిగాతే. పేరు గోడలది. మనుషులు దాని కింద మారుతుంటారు.

సైన్యం రావడానికి రెండు రోజుల ముందు బొనవెంతురా నన్ను పిలిచాడు. నాకు ఇరవై రెండేళ్ళు. కాలికి తూటా తగిలి యుద్ధం నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. రెండు వందల ఒక్క సంచికలు, ఒక్కటీ తక్కువ కాకుండా, రెండు నూనె జాడీల్లో పెట్టి మూతులకు తారు పూశాం. ఆయన ద్రాక్షతోట గట్టున రాతి గుడిసె ఉంది. మిట్టమధ్యాహ్నం, జనమంతా పెద్దదారి వైపు చూస్తుండగా, గుడిసె నేల తవ్వి పాతిపెట్టాం. ఆయన కూతురు కితేరియా గట్టు మీద నిలబడి కాపలా కాసింది. పదిహేడేళ్ళ పిల్ల. ఎవరైనా వస్తే పాట ఎత్తుకోమన్నాడు ఆయన. ఎవరూ రాలేదు.

ఫిబ్రవరిలో మా ఊరి బల్దిరి గతేల్ కొత్త అధికారులకిచ్చే ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితంలో బొనవెంతురా పేరు ఉంది. అంతకుముందు బల్దిరి పంపిన పద్యాలను బొనవెంతురా రెండుసార్లు తిప్పి పంపాడు. సంతకానికి అదే కారణమని నేను అనను. ఇల్లు కూడా మంచి ఇల్లు. బొనవెంతురా 1941లో జైల్లో జ్వరంతో పోయాడు. ప్రభుత్వం ఆయన ఇంటినీ తోటనూ వేలం వేసింది. బల్దిరి పాడుకున్నాడు. అప్పట్నుంచీ పిగాత్ అంటే బల్దిరి.

కితేరియా చాకిరేవు పక్కన ఒక గదిలో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసేది. బల్దిరి చొక్కాలు కూడా.

పత్రిక మళ్ళీ లేచింది 1963లో. లేపినవాడు మందుల షాపు ఒరోమీగారు. రెయుస్ పట్నం మనిషి, మా ఊరి పిల్లను చేసుకుని వచ్చాడు. మంచివాడు. పుస్తకాలు చదివినవాడు. ప్రభుత్వ అనుమతి రావాలంటే చర్చి పేరు ఒకటి, నమ్మకస్తుడి పూచీ ఒకటి కావాలి. చర్చి పేరు ఫాదర్ ఇచ్చాడు. పూచీ సంతకం బల్దిరి పెట్టాడు. అప్పటికి అతను ఊరి కౌన్సిల్లో సభ్యుడు, పోలీసు సార్జెంటుతో రోజూ పేకాడేవాడు.

"పెడతాను గానీ ఒరోమీగారూ, ఈసారి నా పద్యాలు వేస్తారుగా?" అన్నాడట నవ్వుతూ.

వేశారు.

పత్రిక రెయుస్‌లో అచ్చయి బస్సులో కట్టలుగా వచ్చేది. ప్రతి ప్రతినీ మడిచి, చుట్టూ కాగితపు పట్టీ అంటించి, పట్టీ మీద చందాదారు పేరు, చిరునామా రాయాలి. ఆ పని కితేరియాది. తండ్రి నేర్పిన రాత, ముత్యాల్లా ఉండేది. మూడు వందల పన్నెండు మంది చందాదారులు. తొంభై మంది ఊళ్ళో, మిగతావాళ్ళు రెయుస్‌లో, బార్సిలోనాలో, కొందరు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో. కట్టలు కట్టి మూడు చక్రాల మోటారు బండిలో స్టేషన్ పోస్టాఫీసుకు తీసుకెళ్ళే పని నాది. నేను బల్దిరి ద్రాక్షతోట కౌలుకు చేసేవాణ్ణి. ఆ రాతి గుడిసె ఉన్న తోటే.

1972 ఫిబ్రవరిలో ఒక శనివారం, చర్చి పక్క గదిలో పట్టీలు అంటిస్తున్నాం. ఒరోమీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏప్రిల్‌కి పత్రిక పుట్టి యాభై ఏళ్ళు. ప్రత్యేక సంచిక వెయ్యాలి. చరిత్ర నేనే రాస్తా. కానీ పాత సంచికలేవీ? బార్సిలోనా దాకా వెతికించా. పదకొండు దొరికాయి. పదకొండుతో ఏం చరిత్ర రాస్తాం?"

"మిగతాది ఊహించి రాసేయండి," అన్నాడు ఫాదర్. "మీ దగ్గుమందు కూడా అలాగే కలుపుతారుగా."

నవ్వారు. కితేరియా రాయడం ఆపింది.

"నా దగ్గరున్నాయి," అంది.

"ఏవమ్మా?"

"అన్నీ."

ఒరోమీగారు కళ్ళద్దాలు పెట్టుకోవడం మర్చిపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ గదిలో కూర్చుని పట్టీలు రాస్తోంది. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె అక్కడ అన్న అతి పెద్ద మాట అదే.

"ఇస్తాను. కానీ మా నాన్న పేరు వెయ్యాలి. ఎవరు దాచారో చరిత్రలో రాయాలి."

"అడగాలా అది? తప్పకుండా."

"తప్పకుండా అంటే?"

"వేస్తానమ్మా. నా మాట."

ఆమె నా వైపు చూసింది. మర్నాడు ఇద్దరం వెళ్ళి గుడిసె నేల తవ్వాం. తారు గట్టిగా పట్టింది, ఒక్క చుక్క తేమ లోపలికి పోలేదు. మొదటి సంచిక తీసి తెరిచింది. అంచున బొనవెంతురా పెన్సిల్‌తో దిద్దిన గుర్తులున్నాయి. వాటిని వేలితో తడమబోయి ఆగింది.

"చెరిగిపోతాయేమో," అంది.

మార్చిలో ఒకరోజు కాలి పుండుకు మందు కోసం షాపుకు వెళ్ళాను. ఒరోమీగారు కౌంటరు మీద కాగితాలు పరుచుకుని ఉన్నాడు.

"రా మెదీర్. నీతోనే పని. సొరీబెస్ అని వేస్తే తార్రగోనా ఆఫీసులో అచ్చుకు ముందు చదివి ముద్ర వేసేవాళ్ళు ఆపేస్తారు. శిక్షపడ్డవాడి పేరు. సంచికంతా పోతుంది. గడప పేరు వేస్తే వాళ్ళకేం అర్థం కాదు. ఊళ్ళో ఆయన్ని ఏమనేవాళ్ళు?"

"పిగాత్."

"కాల్ పిగాత్. అంటే బల్దిరిగారు ఉంటున్న..."

"ఆ ఇల్లే."

ఆయన కలం మూత తీశాడు. పాత పిగాత్ అని రాయండి అని నేనంటే సరిపోయేది. ఒక్క మాట. అప్పుడే సార్జెంటు పెళ్ళాం పుక్కిలించే మందు కోసం లోపలికొచ్చింది.

"ఊళ్ళోవాళ్ళకి తెలుసుగా ఎవరో," అన్నాడు ఒరోమీగారు గొంతు తగ్గించి.

"తెలుసు."

"తెలిస్తే చాలు."

రాసుకున్నాడు. నేను మందు తీసుకుని వచ్చేశాను.

ఏప్రిల్ మొదటి ఆదివారం సహకార సంఘం ముందు బల్లలు వేశారు. ఉల్లికాడలు కాల్చుకు తినే కాలం అయిపోతోంది, అవి ఆఖరివి. ద్రాక్ష కొమ్మల మంట మీద ఉల్లికాడలు నల్లగా మాడేదాకా కాల్చి, పాత కాగితాల్లో చుట్టి ఉంచుతాం. ఆ ఆవిరికి లోపలి తెల్లభాగం మెత్తబడుతుంది. పై తొక్క ఊడలాగి, బాదం పచ్చడిలో ముంచి, తల వెనక్కి వాల్చి నోట్లోకి దించుకోవాలి. పెద్దవాళ్ళందరి మెడలకూ తువ్వాళ్ళు. అందరి వేళ్ళూ నలుపు.

కాల్చింది నేను. చుట్టింది కితేరియా. ఉతికిన ఏప్రాన్ కట్టుకుంది, జుట్టు బిగించి దువ్వుకుంది. ప్రత్యేక సంచిక ఆ రోజు బల్ల దగ్గరే పంచుతారు కాబట్టి ఆమె ఇంకా చూడలేదు. దినపత్రికలు అయిపోయాయి. ఎవరో లోపల్నుంచి అచ్చు చెడిపోయిన సంచిక కాగితాలు ఒక దొంతర తెచ్చి ఆమె పక్కన పడేశారు. వాటితోనే చుట్టింది. చేతిలోది చదువుకునే తీరిక లేదు. ఆమెకి చదవాలని ఉంది, ఆ సంగతి నాకు కనబడుతూనే ఉంది.

బార్సిలోనా నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. వైన్ గ్లాసు పట్టుకుని లేచాడు. సంచిక తెరిచి చదివాడు.

"ఈ రెండు వందల ఒక్క సంచికలు ఇవాళ మన చేతికి వచ్చాయంటే, చెడ్డకాలంలో ప్రాణానికి తెగించి వాటిని దాచిన ఒక మనిషి వల్ల. ఈ ఊరు ఆయన్ని కాల్ పిగాత్ ఇంటి పిగాత్‌గా ఎరుగును." తల ఎత్తాడు. "ఆ పిగాత్‌గారు ఇక్కడుంటే ఒక్కసారి లేవాలి. మేం చూడాలి."

బల్ల మీద చప్పుడు ఆగిపోయింది. ఒరోమీగారు తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఫాదర్ రొట్టె విరిచాడు. తొంభై గడపల జనం ఉన్నారక్కడ. ఆ పిగాత్ ఎవరో ప్రతివాడికీ తెలుసు. సార్జెంటు బల్దిరి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఊరికి కొత్త, ఏమీ తెలీదు. మోచేత్తో పొడిచాడు.

"నువ్వే కదయ్యా పిగాత్? లే మరి! సిగ్గా?"

బల్దిరి మెడలో తువ్వాలు, గడ్డం మీద నూనె. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ నోరెత్తరని ఖాయం చేసుకున్నాక లేచాడు. ప్రొఫెసరు చప్పట్లు కొట్టాడు. బార్సిలోనావాళ్ళు కొట్టారు. తర్వాత మావాళ్ళు కొట్టారు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. నా చేతుల్లో పటకారు ఉంది. దాన్ని కింద పెట్టి నేనూ కొట్టాను.

"ఏదో, చెయ్యాల్సింది చేశాం," అన్నాడు బల్దిరి. "ఆ రోజులు అలాంటివి."

కూర్చుంటూ మంట వైపు తిరిగాడు.

"ఏమే కితేరియా, ఇంకో పొట్లం పట్రా ఇటు. చల్లారిపోయాయి ఇవి."

ఆమె పొట్లం తీసుకుని వెళ్ళింది. ఆయన ముందు పెట్టింది. విప్పింది కూడా. చుట్టిన కాగితం ఆ చరిత్ర పేజీయే. నల్లటి మసి మధ్య కాల్ పిగాత్ అన్న అక్షరాలు నాకు కూడా కనిపించాయి. వంగి చదువుకుంది. బల్దిరి ఆ పేజీ మీదే తొక్కలు వేశాడు.

"మీ నాన్న ఉంటే నవ్వేవాడు," అన్నాడు మెల్లగా. వెటకారంగా అనలేదు. ఆయనకు నిజంగానే అలా అనిపించింది.

ఆ శనివారం పట్టీల గదిలో కితేరియా కూర్చోలేదు. ఒరోమీగారి ముందు నిలబడింది. ఫాదర్ ఉన్నాడు. నేను మూల కూర్చుని తాళ్ళు కోస్తున్నాను.

"వచ్చే సంచికలో ఒక్క లైను వెయ్యండి."

"కితేరియా, కూర్చోమ్మా."

"ఒక్క లైను. దాచింది బొనవెంతురా సొరీబెస్ అని. బల్దిరి కాదు అని కూడా అక్కర్లేదు."

"అది వేస్తే ఇది అబద్ధమని చెప్పినట్టేగా? ఆయన పూచీ వెనక్కి తీసుకుంటాడు. ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు, పత్రిక మూతపడుతుంది. మీ నాన్నగారి పత్రిక! నువ్వే ఆలోచించు. ఆయన ఏం కోరుకునేవారు?"

"తన పేరు ఉండాలని కోరుకునేవారు."

"మంచిరోజులు వస్తాయి. అప్పుడు వేద్దాం."

"అయ్యా, మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను. గడప పేరు వేశాను. ఊరికి తెలుసనుకున్నా. ఆ పెద్దమనిషి లెమ్మంటాడని నాకేం తెలుసు?" కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అయినా కాగితం మీద ఏముంది చెప్పు? ఆ జాడీలు ఎవరు పాతారో చూసినవాళ్ళెవరున్నారు?"

"మెదీర్ ఉన్నాడు," అంది. "మోశాడు. అడగండి."

ముగ్గురూ నా వైపు తిరిగారు. నా చేతిలో కత్తి, తాడు. బల్దిరితో నా కౌలు కాగితం ఆ నెలాఖరుకే తిరగరాయాలి. అది ఒరోమీగారికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"చాలా కాలమైంది," అన్నాను.

కితేరియా నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని కలం తీసింది. ఏమీ జరగనట్టే రాసింది. ఒరోమీగారికి ప్రాణం కుదుటపడింది. ఆమెకి కాఫీ తెప్పించాడు.

మే సంచిక కట్టలు శుక్రవారం వచ్చాయి. పట్టీలు తనొక్కతే రాస్తానంది కితేరియా. మిగతావాళ్ళకి తోట పనులున్నాయి, సంతోషించారు. శనివారం మధ్యాహ్నం నేను బండి తెచ్చేసరికి కట్టలన్నీ కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడూ అట్టముక్క పైన పెట్టి కట్టేది కాదు. ఆ రోజు ప్రతి కట్టకీ పైన ఒక అట్ట, కింద ఒక అట్ట. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు ఆమెకి. గుడ్డ చుట్టుకుంది.

"జాగ్రత్తగా తీసుకెళ్ళు మెదీర్," అంది.

ఆ మాట ఎప్పుడూ అనేది కాదు. బాదం తోటల మలుపు దగ్గర బండి ఆపాను. ఒక కట్ట అట్ట పక్కకు జరిపాను.

ప్రతి పట్టీ మీదా చిరునామా ఉంది. చిరునామాకు పైన, అదే ముత్యాల రాతలో, ఇంకో రెండు వరుసలు. రోస్తోయ్‌ని దాచింది బొనవెంతురా సొరీబెస్, 1941లో జైల్లో చనిపోయాడు. ఇంకో కట్ట చూశాను. ఇంకొకటి. బార్సిలోనా ప్రొఫెసరుది, ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళవి, సార్జెంటుది, బల్దిరిది. మూడు వందల పన్నెండు. ఒక్కదాంట్లోనూ రాత వంకర పోలేదు.

బండి తాళం తిప్పి ఇంజను ఆపాను. స్టేషన్ ఎదురుగా కనబడుతోంది. దిగువకి దారి, బండి దానంతటదే పోతుంది.

భయం వల్ల వెనక్కి తిరిగానని చెబితే సగమే నిజం. ఆ పట్టీలు జనానికి చేరితే ఎవరో ఒకరు ఊళ్ళోకి వచ్చి జాడీలు మోసిందెవరని అడుగుతారు. అప్పుడు నేను చాలా కాలమైంది అన్న మాట కూడా బయటికొస్తుంది. ఆమె తండ్రి పేరు మూడు వందల ఇళ్ళకి వెళ్ళడం నాకు ఇష్టమే. దాని వెనకాలే నా పేరు వెళ్ళడం ఇష్టం లేదు.

బండి తిప్పి మందుల షాపు వెనక గుమ్మం ముందు ఆపాను.

ఒరోమీగారు ఒక పట్టీ చదివి గోడకి ఆనుకున్నాడు.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"రేపు పూజ అయ్యాక రా. ఫాదర్‌ని కూడా తీసుకొస్తా."

ఆదివారం పూజ అయ్యాక నలుగురం ఒరోమీగారి వంటింట్లో కూర్చున్నాం. ఆయన, ఆయన భార్య, ఫాదర్, నేను. కిటికీ తలుపులు వేశారు. నేను పట్టీలు కోసి ఇస్తే, ఆయన, ఫాదర్ కొత్త పట్టీల మీద చిరునామాలు ఎక్కించారు. ఆవిడ కొత్తవి అంటించింది. పాతవి గుప్పెడేసి తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. ఒకటి చేతిలో పట్టుకుని వెలుతురులో చూసింది.

"ఎంత అందంగా రాసిందండీ, పాపం," అని దాన్ని కూడా వేసింది.

ఆ మంట మీదే కుందేలు మాంసం వేసి అన్నం వండింది. అందరం తిన్నాం. ఫాదర్ రెండోసారి వడ్డించుకున్నాడు.

"ఆమెని మాన్పించేద్దామా?" అన్నాడు ఫాదర్.

"వద్దు. మాన్పిస్తే బజార్లో అరుస్తుంది," అన్నాడు ఒరోమీగారు. "ఏమీ అనొద్దు. పోస్టయ్యాయనే అనుకోనీండి. చూసి చూసి తనే చల్లబడుతుంది. మెదీర్, నువ్వేమంటావ్?"

నేను ఏమీ అననని వాళ్ళకి తెలుసు కాబట్టే అడిగారు.

సోమవారం పొద్దున పోస్టు చేశాను. మంగళవారం ఊరి ఊటబుగ్గ దగ్గర నీళ్ళు పడుతుంటే కితేరియా వచ్చింది.

"వేశావా?"

"వేశాను."

"అన్నీ?"

"అన్నీ."

బుధవారం నుంచీ ఆమె తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇస్త్రీ పని పొద్దున్నే ముగించేది. పన్నెండు గంటలకి ఉతికిన ఏప్రాన్ కట్టుకుని బయటికొచ్చేది. పోస్టుమాన్ వచ్చే వేళ అది. పత్రిక చంకలో పెట్టుకుని జనం ఆమె ముందు నుంచి పోయేవాళ్ళు.

"ఎండ బాగుంది కదే కితేరియా," అనేవాళ్ళు.

"బాగుంది," అనేది. వాళ్ళ మొహాల్లోకి చూసేది. తలుపు తట్టి పట్టీ చూశారా అని అడిగే మనిషి కాదు. చదివినవాళ్ళే ముందు నోరు తెరవాలి అనుకునేది. తండ్రి అలాగే ఉండేవాడు.

ప్రొఫెసరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పట్టీల గదిలో ఒరోమీగారు పైకి చదివాడు. మే సంచికలో బొమ్మలు చాలా బాగున్నాయట. పిగాత్‌గారికి నమస్కారాలు చెప్పమన్నాడు. కితేరియా కలం ఆగింది. మళ్ళీ కదిలింది. జూన్ పట్టీలన్నీ ఒట్టి చిరునామాలే రాసింది. జూలైవీ అంతే.

ఆగస్టులో బల్దిరి తన గోడకు పలక బిగించుకున్నాడు. ఈ ఇంట్లో రోస్తోయ్ పత్రిక కాపాడబడింది అని. బిగించడానికి సున్నం కలిపింది నేను.

"నిటారుగా ఉందా చూడరా మెదీర్," అన్నాడు.

"ఎడమ పక్క కొంచెం దిగింది," అన్నాను. సర్దాడు.

సెప్టెంబరులో, కోతలకి వారం ముందు, నేను తోటలో బుట్టలు బాగుచేస్తుంటే కితేరియా గట్టెక్కి వచ్చింది. రాతి గుడిసె ముందు నిలబడింది. చిక్కిపోయింది.

"ఇక పట్టీలు రాయను. ఒరోమీగారికి చెప్పేయ్."

"సరే."

"మూడు వందల పన్నెండు ఇళ్ళు, మెదీర్. ఒక్క నోరు తెరుచుకోలేదు." గుడిసె గుమ్మంలోకి చూసింది. "చదివారు. అందరూ చదివారు. చదివి పట్టీ చింపి పొయ్యిలో వేసుకున్నారు. ముప్ఫైమూడేళ్ళ క్రితం వేసుకోలేదూ, అలాగే. ఫ్రాన్స్‌లో కూర్చున్నవాళ్ళకేం భయం చెప్పు? వాళ్ళు కూడా."

నేను తీగ మెలిపెడుతున్నాను.

"నీ మీద కోపంగా ఉండేది నాకు. ఆ రోజు నోరు మెదపలేదని. నువ్వొక్కడివే పిరికివాడివనుకున్నా." తల ఊపింది. "పాపం, నిన్ను ఊరికే తిట్టుకున్నా. ఏమనుకోకు."

నేను అప్పుడు చెప్పొచ్చు. మేమిద్దరమే ఉన్నాం. వినడానికి పక్షులు తప్ప ఏమీ లేవు. బుట్ట తిప్పి ఇంకో తీగ తీసుకున్నాను.

ఏప్రాన్‌లోంచి నాలుగు అంజూర పళ్ళు తీసి గట్టు మీద పెట్టింది. మెల్లగా దిగిపోయింది. తిన్నాను. బాగా పండాయి.

ఆ చలికాలం ఆమె దాటలేదు. ఊపిరితిత్తులన్నాడు డాక్టరు. కొత్తవాళ్ళ రాతలో పట్టీలు వెళ్తూనే ఉన్నాయి. తర్వాత మూడేళ్ళకి ఫ్రాంకో పోయాడు. ఒరోమీగారు అన్న మంచిరోజులు వచ్చాయి. ఆ లైను వెయ్యమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. బల్దిరికి ఊరి సన్మానం జరిగింది. ఆయన పోయాక ఒరోమీగారు పోయాడు.

రెండో చరిత్ర 1997లో రాశారు. యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. టేపు రికార్డరు బల్ల మీద పెట్టింది.

"తాతా, ఒరోమీగారి డైరీలో చూశాను. పత్రిక మళ్ళీ మొదలైనప్పట్నుంచీ ఒక్క సంచికే ఆలస్యంగా పోస్టయిందట. 1972 మే. శనివారం పోవాల్సింది సోమవారం పోయిందట. వాన వల్ల అని రాశారు. మీరే కదా తీసుకెళ్ళేది?"

"నేనే."

"వానేనా?"

"ఊఁ."

రాసుకుంది. సంచిలోంచి పాత పట్టీ ఒకటి తీసింది. 1968 నాటిది, ఒట్టి చిరునామా.

"ఈ రాత చూడండి, ఎంత బాగుందో! ఎవరిది?"

"ఒకామెది."

"ఏ గడప ఆమె?"

నేను గోడవతల వీధి చివరికి చూశాను. పలక ఇక్కడికి కనబడదు గానీ, ఉన్న చోటు తెలుసు.

"ఏ గడపా లేదు," అన్నాను.

ఆ అమ్మాయి ఆ ప్రశ్న పక్కన గీత పెట్టి పేజీ తిప్పింది. పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి నాకు పంపింది. నూట నాలుగో పేజీలో ఉంది వాన సంగతి.

ఆ మే నెలలో చుక్క పడలేదు. బాదం పిందెలు ఎండి రాలి, తోటలో నడిస్తే కాళ్ళ కింద పటపటలాడాయి. అది ఆ అమ్మాయి అడగలేదు.